ఒక బిడ్డ కనిపించాక కూడా వెతకాలి

సంతానం కోసం ఏళ్లతరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగిన దంపతులు, స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోవడం చూడగానే ఇక భయం లేదనుకుంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కాని కొద్దిమందిలో ఒక గర్భం గర్భసంచిలో, అదే సమయంలో మరొకటి బయట, ఎక్కువగా ట్యూబులో పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని హెటెరోటోపిక్ గర్భం అంటారు.

సహజంగా వచ్చే గర్భాల్లో ఇది సుమారు 30,000కు ఒకటని పాత అంచనా. ఐవీఎఫ్ తర్వాత మాత్రం వెయ్యికి ఒకటి, కొన్ని లెక్కల్లో ఇంకా ఎక్కువే. ట్యూబులు ముందే దెబ్బతిని ఉండటం, ఒకటికి మించి పిండాలను ప్రవేశపెట్టడం ముఖ్య కారణాలు.

చిక్కంతా గుర్తించడంలోనే ఉంది. రక్తంలో చేసే హెచ్‌సీజీ పరీక్ష ఇక్కడ దారి చూపదు. లోపలి గర్భం వల్లనే ఆ హార్మోను పెరుగుతూ ఉంటుంది. స్కానింగు చేసేవారు కూడా లోపలి బిడ్డను చూసి అక్కడితో ఆగిపోవచ్చు. ట్యూబుల వైపు కూడా చూడమని మనమే అడగాలి. యోని ద్వారా చేసే స్కానింగులోనే ఇది బాగా తెలుస్తుంది. లేడీ డాక్టరు కావాలనుకునేవారు ముందే మాట్లాడి పెట్టుకోవాలి గాని, పరీక్షను వాయిదా వేయకూడదు.

కడుపులో ఒక పక్క నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐవీఎఫ్ సంగతి చుట్టాలకు చెప్పకపోవడం వారి ఇష్టం. మేమూ తప్పుపట్టం. కాని అర్ధరాత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు దగ్గర కూడా దాస్తే, ఆయనకు రెండో గర్భం మీద అనుమానమే రాకపోవచ్చు.

ట్యూబులో మాత్రమే గర్భం ఉన్నప్పుడు ఇచ్చే మెథోట్రెక్సేట్ ఇక్కడ పనికిరాదు. లోపలి బిడ్డకు హాని. ఎక్కువగా లాపరోస్కోపీతో ఆ ట్యూబును తీసేస్తారు. ఆపరేషనంటే లోపలి బిడ్డ పోతుందని ఇంటివారు సంతకానికి వెనకాడతారు. ప్రచురితమైన కేసుల్లో సుమారు మూడింట రెండు వంతుల మందికి లోపలి గర్భం నిలిచింది. ట్యూబు పగిలేదాకా ఆగితే తల్లికీ బిడ్డకూ ముప్పే.

ఐవీఎఫ్ ఖర్చుకు సాయం చేసే దాతలకు మా మనవి ఒకటే: ఆ తర్వాతి స్కానింగులకు, అవసరమైతే ఆపరేషనుకు కూడా కొంత పక్కన పెట్టండి. ట్యూబు పగిలిన రాత్రి రక్తం కావాలి. మీ బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు మా కార్యాలయంలో రాయించండి.