పాత అంబాసిడర్ కొనేముందు

ప్రశ్న: బాగుచేయించి రంగు వేసిన పాత అంబాసిడర్ కారు కొనేముందు ఏమేం చూసుకోవాలి? – ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: హిందుస్థాన్ మోటార్స్ 1958 నుంచి 2014 వరకు తయారుచేసిన అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు, బరువంతా బాడీయే మోస్తుంది. అందుకే మొదట వెతకవలసింది తుప్పు. మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాల ఉప్పుగాలి, తేమ ఇనుమును త్వరగా తినేస్తాయి. కొత్త రంగు ఆ నష్టాన్ని కప్పేస్తుంది. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల అడుగున, మడ్‌గార్డుల మీద ఆనించాలి; పట్టు సడలిన చోట పుట్టీ మందంగా ఉన్నట్టు. మ్యాట్లు ఎత్తి ఫ్లోరును, కారును పైకి లేపించి అడుగున వెల్డింగులను పరిశీలించాలి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి దిగుతుండవచ్చు. తర్వాత కారును నడిపి బ్రేకులు, గేర్లు, స్టీరింగ్ చూడాలి.

ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన అయిదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని వాహనానికే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. అలాంటి కారును రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు.