చేరాక మిగిలే గంటలు

జనవరి వచ్చిందంటే ఫోన్ల నిండా గుల్మర్గ్ మంచే. రంగురంగుల కోట్లు, కాళ్లకు పొడవాటి స్కీ పలకలు, వెనకాల తెల్లటి అఫర్వాత్ కొండ. నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో కూర్చుని ఆ ఫొటోలు చూసేవాళ్లకు ఈ శని, ఆదివారాల్లో వెళ్లివస్తే బాగుండుననిపించడం సహజం. ఆ కోరికను కొట్టిపారేయకుండా ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. శనివారం తెల్లవారుజామున 5 గంటలకు నిజామాబాద్‌లో కారెక్కితే శంషాబాద్ విమానాశ్రయం దాదాపు 200 కిలోమీటర్లు. ఢిల్లీలో విమానం మారి శ్రీనగర్‌లో దిగేసరికి సాయంత్రం. అక్కడి నుంచి గుల్మర్గ్‌కు మరో 50 కిలోమీటర్లు. చేరేసరికి చీకటి. ఆదివారం తిరుగు విమానం అందాలంటే మధ్యాహ్నం లోపే కొండ దిగాలి. మంచు మీద దక్కేది మహా అయితే మూడు గంటలు. బూట్లు తొడుక్కోవడానికి, గొండోలా (కేబుల్ కారు) వరసలో నిలబడటానికి పోయేది అందులోనే. గుల్మర్గ్‌లో కేంద్ర ప్రభుత్వం నడిపే స్కీయింగ్ సంస్థ ప్రాథమిక శిక్షణకే రెండు వారాలు పెట్టింది. పైగా 2,500 మీటర్ల ఎత్తు దాటితే ఒంటికి అలవాటుపడే వ్యవధి ఇవ్వమని వైద్యులు చెబుతారు. గుల్మర్గ్ అంతకంటే ఎత్తు. ఉత్తరాఖండ్‌లోని ఔలీ మాట ఎత్తనే అక్కర్లేదు, రిషీకేశ్ నుంచి జోషిమఠ్ దాకానే 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. అందుకే చిన్న ప్రయాణానికి చోటు ఎంచుకునేటప్పుడు ‘ఎక్కడికి’ అన్న ప్రశ్న రెండోది కావాలని నా వాదన. చేరాక ఎన్ని గంటలు మిగులుతాయి, ఆ గంటల్లో మనకు ఏం కావాలి అన్నవి ముందు తేలాలి. ఊరి పేరుతో మొదలుపెట్టినవాడు ఇతరుల కళ్లతో ఎంచుకుంటాడు. గంటలతో మొదలుపెట్టినవాడికి తన అవసరమేమిటో తెలుస్తుంది.

ఇది కేవలం డబ్బు మిగుల్చుకునే లెక్క కాదు. నెదర్లాండ్స్‌లో 1,530 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సెలవుకు వెళ్లబోయేవారు వెళ్లనివారికంటే ముందునుంచే ఎక్కువ ఆనందంగా ఉన్నట్టు తేలింది. తిరిగొచ్చాక మాత్రం ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. సెలవంతా ఎంతో తీరికగా గడిచిందన్నవాళ్లలోనే కొంత నిలిచింది. అంటే ఎదురుచూపులోనే సగం సుఖం ఉంది, మిగతాది తీరికలో ఉంది. ఈ రెండింటినీ మనం ఎలా పోగొట్టుకుంటున్నామో చూడండి. శుక్రవారం రాత్రి పదింటిదాకా ఎటూ తేల్చక ఎదురుచూపును పోగొట్టుకుంటాం. ఎక్కువ ఊళ్లు చుట్టిరావాలని తీరికను పోగొట్టుకుంటాం. ‘అంత ఆలోచిస్తే సరదా ఏముంటుంది, అనుకోగానే బయల్దేరాలి’ అనేవారున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. అయితే నన్నడిగితే సరదాను చంపేది ఆలోచన కాదు, అన్నిటికంటే మంచిది దొరికేదాకా వెతకడం. ఆర్థిక శాస్త్రంలో 1978 నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్, మనిషి కొన్ని షరతులు పెట్టుకుని వాటికి సరిపోయిన మొదటిదాన్ని ఎంచుకోవడమే తెలివైన పద్ధతని చూపించాడు. మనస్తత్వవేత్త బ్యారీ ష్వార్జ్ బృందం 2002లో దీన్నే మరో వైపు నుంచి పరిశీలిస్తే, ప్రతిదాంట్లో అత్యుత్తమం కోసం తపించేవారు తమ ఎంపికతో తక్కువ తృప్తి పొందుతున్నట్టు కనిపించింది. దారిలో మూడు గంటలకు మించకూడదు, రాత్రి నిద్ర పాడవకూడదు, మనకు కావలసింది ఒకటైనా అక్కడ ఉండాలి. ఈ మూడు షరతులు బుధవారమే రాసుకుంటే, అరగంటలో చోటు ఖాయం. మిగిలిన రెండు రోజులూ ఎదురుచూపుకు.

మన నిజామాబాద్ ప్రాంతంలో ఇంకో షరతును కాలమే పెడుతుంది. మంచు కురిసే నెలలే ఇక్కడ చెరుకు నరికే నెలలు, పసుపు తవ్వి ఉడకబెట్టే నెలలు. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డా మిగిలిన చెరుకు వేరే ఫ్యాక్టరీలకు లారీలెక్కుతూనే ఉంది. కల్లంలో పసుపు ఎండబెట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలే రైతు ఫిబ్రవరిలో ఇల్లు విడిచి కదలలేడు. అతని తీరిక శ్రావణ భాద్రపదాల్లో కొంత దొరుకుతుంది. సరిగ్గా అప్పుడే సిర్నాపల్లి జలపాతం దూకుతుంది, మంచి వాన పడిన ఏడు పోచంపాడులో శ్రీరామసాగర్ గేట్లు లేస్తాయి. మే నెలలో ఆ జలపాతం చూడబోతే కనబడేది ఎండిన బండలే. చోటు ఎక్కడికీ పోదు కాని, చూడదగ్గ కాలం వెళ్లిపోతుంది.

‘దగ్గరివన్నీ చూసినవేగా’ అన్నది తరచుగా వినిపించే అభ్యంతరం. చూడటమంటే ఒకసారి వెళ్లి ఫొటో దిగడమైతే, అవును, చూసినవే. ఒక ప్రశ్న వెంటబెట్టుకుని వెళితే అదే చోటు కొత్తదవుతుంది. బోధన్‌కు చక్కెర ఎందుకొచ్చింది? ఈ ఒక్క ప్రశ్న రెండు రోజులకు సరిపోతుంది. జవాబు నీళ్లలో ఉంది. మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీరకు నిజాం ప్రభుత్వం 1923లో అడ్డుకట్ట మొదలుపెట్టి, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1931కి నిజాంసాగర్ పూర్తిచేసింది. కాలువ నీళ్లు వచ్చాక చెరుకు వచ్చింది, చెరుకు ఉంది గనక 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. శనివారం నిజాంసాగర్ కట్ట మీద నిలబడి మొదలుపెట్టి, కాలువల వెంబడి బాన్సువాడ మీదుగా బోధన్ చేరండి. శక్కర్‌నగర్‌లో మూగబోయిన ఫ్యాక్టరీని బయటి నుంచే చూడండి. ఒకప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేలా కట్టిన నిజాంసాగర్ జలాశయంలో ఇప్పుడు 17.8 టీఎంసీలే నిలుస్తున్నాయి, పూడిక మిగతాది తినేసింది. ఆ పూడిక కథకు, ఈ ఫ్యాక్టరీ గేటు తాళానికి నడుమ ఏముందో పిల్లలు అడుగుతారు. పెద్దలు తెలిసినంత చెప్పాలి. ఆదివారం ఉదయం కందకుర్తి వెళితే, శనివారం కట్ట దగ్గర చూసిన అదే మంజీర గోదావరిలో కలిసిపోతూ కనిపిస్తుంది. సాయంత్రం నిజామాబాద్‌లో ఖిల్లా ఎక్కే వీలుంటే మరీ మంచిది. కవి దాశరథిని బంధించిన జైలు అక్కడిదే, గోడల మీద ఆయన బొగ్గుతో పద్యాలు రాసింది అక్కడే. మొత్తం దారి తక్కువ, నిలబడి చూసే గంటలు ఎక్కువ.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. ఇలా దగ్గరికే పరిమితమైతే పిల్లల్లో పెద్ద కోరికలు ఎలా పుడతాయి? దానికి ఈ జిల్లాలోనే జవాబుంది. సిరికొండ మండలం పాకాలలో పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తిచేసింది. ఆమె సాధన భువనగిరి ఏకశిల మీద మొదలై, ఆ తర్వాత డార్జిలింగ్, ఆ పైన చలికాలపు లద్దాఖ్ మీదుగా హిమశిఖరానికి చేరింది. మంచును వద్దనమని నేను చెప్పడం లేదు. మంచు మీద ఆశ ఉంటే దానికి రెండు వారాల సెలవు, ఏడాది ముందునుంచి కూడబెట్టిన డబ్బు, ఆరు నెలల నడక, గుట్టలెక్కే అలవాటు ఇవ్వండి. ఆర్మూరు సిద్దులగుట్ట ఆదివారం పొద్దున్నే ఎక్కడం ఆ కలలో భాగమే. పెద్ద కోరికను శని, ఆదివారాల్లో కుక్కితే దానికే అన్యాయం జరుగుతుంది.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. నానమ్మకు బాసర, పిల్లలకు నీళ్లు, కోడలికి వంట లేని ఒక్క పూట, కొడుక్కి నిద్ర. అందరికీ నచ్చే చోటు కోసం వెతికి వెతికి చివరికి ఎవరికీ నచ్చని రెస్టారెంట్‌లో కూర్చునే కుటుంబాలు చాలా ఉన్నాయి. అందరినీ సమాధానపరచాలన్న మంచితనం వెనుక చాలాసార్లు నిర్ణయం బాధ్యత ఎత్తుకోలేని బెరుకు ఉంటుంది. వంతులు పెట్టుకోవడం మేలు. ఎవరి వంతు వస్తే వాళ్లే చోటు చెప్పాలి, గంటల లెక్క వాళ్లే వేయాలి, తక్కినవాళ్లు మూతి ముడవకుండా వెళ్లాలి. ఎంచుకున్నది బాగుండకపోయినా ఆ రోజు దెప్పకూడదు; నిర్ణయం తీసుకోవడం నేర్చుకునేది అలాంటి చిన్న నష్టాల దగ్గరే. ఈసారి నానమ్మ బాసర అంటే అందరూ బాసరే. వచ్చేసారి వంతు ఏడో తరగతి పిల్లది. ఆ పిల్ల పోచంపాడు అంటే, శ్రీరామసాగర్ 42 గేట్లలో ఎన్ని ఎత్తారో, అసలు ఎత్తారో లేదో శుక్రవారమే కనుక్కునే పని కూడా ఆ పిల్లకే అప్పగించాలి.