మూర్ఛకు ఇంప్లాంట్ పెట్టించే ముందు

ప్రశ్న: మా అబ్బాయికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. ఎన్ని మందులు మార్చినా ఫిట్స్ ఆగడం లేదు. ఛాతీలో మెషీన్ పెడితే తగ్గుతాయని బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు అంటున్నారు. కొత్తగా వచ్చిందట, విదేశీ కంపెనీదట. రేపు ఏమైనా అయితే ఎవరిని అడగాలి?
– ఒక తల్లి, పెనుకొండ

జవాబు: అమ్మా, మెడలోని వేగస్ నరానికి ఛాతీ నుంచి కరెంటు పంపే పరికరాన్ని అమెరికా 1997లోనే అనుమతించింది. మరి 'కొత్తగా వచ్చింది' అంటే ఏమిటి? అమ్మకానికి లైసెన్సు ఉన్నదా, ఇంకా ప్రయోగంలో ఉన్నదా? ముందు ఈ ఒక్క మాట రాతపూర్వకంగా తేల్చుకోండి. మీ హక్కులు దాన్నిబట్టి మారిపోతాయి.

మన దేశంలో వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. విదేశీ పరికరానికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దిగుమతి లైసెన్సు ఉండాలి. ఆ నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా లేబుల్ మీద ఉండాలి. ఆ లేబుల్ కాపీ అడిగి మీ దగ్గర పెట్టుకోండి. బిల్లు పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు, ఇది పోతే కష్టం.

ప్రయోగమైతే సమ్మతిపత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మధ్యలో ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి.

లైసెన్సు ఉన్న పరికరమే చెడిపోతే? 2019 వినియోగదారుల రక్షణ చట్టం తయారీదారుపై ఉత్పత్తి బాధ్యత పెట్టింది. కంపెనీ విదేశాల్లో ఉండి మన చట్టానికి చిక్కకపోతే అమ్మినవారిని బాధ్యులను చేయవచ్చు. చట్టం దృష్టిలో దిగుమతిదారు కూడా అమ్మకందారే. కేసు కోసం బెంగళూరు తిరగనక్కరలేదు, మీరు నివసించే జిల్లా పరిధిలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. గడువు రెండేళ్లు. పరికరానికి కట్టినది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు.

ఒక మెలిక ఉంది. నిపుణుల పర్యవేక్షణలోనే వాడే వస్తువైతే, 'హెచ్చరికలన్నీ డాక్టరుకు చెప్పాం' అని కంపెనీ తప్పించుకోవడానికి చట్టంలోనే దారి ఉంది. బ్యాటరీ అయిపోతే మళ్లీ ఆపరేషన్ అవసరమని, ఎంఆర్ఐ తీయించడానికి షరతులుంటాయని డాక్టరు మీకు చెప్పారా లేదా అన్నది అప్పుడు కీలకమవుతుంది. చెప్పినవన్నీ సమ్మతిపత్రంలో రాయించుకోండి. హడావిడిగా సంతకం పెట్టించుకునే చోట ఇంకో రోజు గడువు అడగడంలో తప్పేమీ లేదు. కేసు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళి.

పూర్తిగా ఉచితంగా చికిత్స చేసే ఆసుపత్రి మీద మాత్రం వినియోగదారుల కేసు నిలవదు. 1995లో సుప్రీంకోర్టు వి.పి.శాంత కేసులో తేల్చిన సంగతి ఇది.

మహిళగా మీకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం కోర్టుల్లోని మండల న్యాయ సేవాధికార కమిటీని కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆపరేషన్‌కు ముందే చేస్తే మంచిది.