గోల్ కొట్టని పిల్లాడికీ దారి ఉంది

"మావాణ్ని స్ట్రైకర్‌గా తయారుచేయండి సార్, డిఫెన్స్‌లో ఆడితే ఎవరు చూస్తారు?" ఫుట్‌బాల్ అకాడమీల దగ్గర తల్లిదండ్రుల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. గోల్ కొట్టేవాడికే భవిష్యత్తు ఉంటుందని, పదిహేనేళ్లకల్లా పేరు రాకపోతే ఆట మాన్పించేయాలని వాళ్ల లెక్క. ఆ లెక్కకు బలయ్యేది పిల్లలే.

ఆ లెక్క తప్పని చెప్పడానికి చెదోమిర్ యానెవ్‌స్కీ ఒక ఉదాహరణ. 1961లో మాసిడోనియాలోని స్కోప్యేలో పుట్టాడు. డిఫెండర్. సొంతూరి జట్టు వర్దార్‌లో ఏళ్ల తరబడి ఆడి, ముప్పైకి దగ్గరపడ్డాక బెల్జియం వెళ్లి క్లబ్ బ్రూగ్‌లో చేరాడు. 1990లో ఆ జట్టు లీగ్ గెలిచింది. పిల్లలు గోడల మీద బొమ్మ అంటించుకునేంత స్టార్ కాడు. అయినా ఆట మానేశాక కోచ్‌గా రెండో బతుకు మొదలుపెట్టాడు.

2007లో సీజన్ సగం దాటాక కోచ్‌ను తప్పించి, బ్రూగ్ యాజమాన్యం జట్టును అతని చేతిలో పెట్టింది. ఫైనల్లో స్టాండర్డ్ లియెజ్‌ను 1-0తో ఓడించి బెల్జియన్ కప్ గెలిచారు. అయినా తర్వాతి సీజన్‌కు క్లబ్ వేరే కోచ్‌ను తెచ్చుకుంది! 2008లో బెల్‌గ్రేడ్‌లోని రెడ్ స్టార్ క్లబ్ పిలిచింది, కొన్ని నెలలకే ఆ పనీ పోయింది. 2012లో తన దేశ జట్టు పగ్గాలు అందుకుని స్కోప్యేలో సెర్బియాను 1-0తో ఓడించాడు, ఏడాది తిరిగేసరికి అదీ ముగిసింది. 2017లో మళ్లీ వర్దార్‌కు వచ్చి, టర్కీ క్లబ్ ఫెనర్‌బాచెను స్కోప్యేలో 2-0తో, ఇస్తాంబుల్‌లో 2-1తో ఓడించి, మాసిడోనియా క్లబ్‌ను తొలిసారి యూరప్ పోటీల గ్రూప్ దశకు చేర్చాడు. అక్కడ ఆరు మ్యాచ్‌లకు దక్కింది ఒక్క పాయింటే.

కోచ్ ఉద్యోగం ఇలాగే ఉంటుంది. ఇది పెన్షన్ కొలువు కాదు, బాగా ఆడినందుకిచ్చే బహుమతి అంతకన్నా కాదు. విడిగా చదివి, పరీక్షలు పాసై నేర్చుకోవాల్సిన వృత్తి.

ఆ వృత్తికి డిఫెండర్ ముందే కొంత సిద్ధమై వస్తాడు. కార్నర్ కిక్ సమయంలో మంచి డిఫెండర్‌ను గమనించండి. ఒక కన్ను బంతి మీద, ఒక చెయ్యి తను కాచుకోవాల్సిన ఆటగాడి మీద, నోట పక్కవాడికి కేక. పదిమంది ఎక్కడెక్కడ నిలబడ్డారో అతనికి తెలియాలి. అలా డిఫెన్స్‌లో ఆడే పిల్లాణ్ని పట్టుకుని ఎందుకు గోల్ కొట్టలేదని గ్రౌండ్ బయటి నుంచి అరిచే తండ్రిని చూస్తే నాకు చాలా కోపం వస్తుంది.

ఖర్చుల సంగతి అంతకంటే ముఖ్యం. యూరప్ క్లబ్‌లో ట్రయల్స్ ఇప్పిస్తామని, సెలక్టయితే అక్కడే ఉండిపోవచ్చని లక్షలు అడిగేవాళ్లున్నారు. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాణ్ని వేరే దేశపు క్లబ్‌లో రిజిస్టర్ చేయడాన్ని ఫిఫా నిబంధనలు కొద్దిపాటి మినహాయింపులతో నిషేధిస్తున్నాయి. పద్నాలుగేళ్ల పిల్లాడికి అక్కడ కాంట్రాక్ట్ ఖాయమని ఎవరన్నా నమ్మకండి. పొలం తాకట్టు పెట్టకండి, బడి మాన్పించకండి. అకాడమీకి ఫీజు కట్టే ముందు అక్కడి కోచ్‌కు ఏ లైసెన్స్ ఉందో చూపించమనండి. అడిగినందుకు విసుక్కునే అకాడమీ మీకొద్దు.

మన దేశంలో ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సులు డి, సి, బి, ఎ, ప్రో అని మెట్టుమెట్టుగా ఉంటాయి. నన్నడిగితే, డిగ్రీ తర్వాత బీపీఈడీ చేసి, పక్కనే డి లైసెన్స్ తెచ్చుకోవడం మధ్యతరగతి ఇంటికి మేలైన దారి. ఇటు పీఈటీ ఉద్యోగానికి ప్రయత్నించవచ్చు, అటు కోచ్‌గా ఎదగవచ్చు. బడిలో మొదలైనవాడు ఎంత దూరం వెళ్తాడో హైదరాబాద్‌కు తెలుసు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరపు ఉపాధ్యాయుడే.

మీ అబ్బాయికో అమ్మాయికో కోచింగ్ మీద నిజంగా మనసుందో లేదో తెలుసుకోవాలంటే, ఈ సెలవుల్లో పేటలోని చిన్నపిల్లల జట్టును అప్పగించండి. కోన్లు సర్దడం, ఏడ్చేవాణ్ని ఊరుకోబెట్టడం, ఆడనివ్వలేదని అలిగినవాణ్ని మర్నాడు మళ్లీ గ్రౌండ్‌కు రప్పించడం వాళ్లే చేసుకోవాలి. నెల తర్వాత కూడా పొద్దున్నే మీరు లేపకుండా వెళ్తున్నారంటే, అప్పుడు లైసెన్స్ ఫీజు కట్టండి.