రాత్రివేళ తిరుగు మృగములను కనిపెట్టుట



అడవి జంతువులకు రాత్రియు, మనుష్యుని పనికి పగలును ఏర్పరచబడిన సంగతి 104వ కీర్తన చదివినవారందరికి తెలియును. అయితే ఆ రాత్రి భాగమున మన పెరటి కంచె ఆవల ఏమి జరుగుచున్నదో కన్నులార చూచినవారు మనలో బహు కొద్దిమంది. చూడకయే నిశ్చయముగా మాటలాడువారు మాత్రము అనేకులు. మేమును అట్లే మాటలాడితిమి గనుక ఈ నెల పాఠమును ఆ సంగతితోనే మొదలుపెట్టుచున్నాము.

మేము కాపురముండు కొత్తపేటలో ఇప్పుడు మెట్రో రైలు స్తంభములును మేడలును తప్ప అడవి అను మాటకు తావు లేదు. కాని ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డున కొంతదూరము పోయినచో మహావీర్ హరిణ వనస్థలి కలదు. అది పూర్వము నిజాము ప్రభువుల వేటస్థలము; 1975లో జింకల వనముగాను, 1994లో జాతీయ ఉద్యానవనముగాను ఏర్పరచబడినది. సుమారు 3,600 ఎకరముల ఆ తుమ్మ పొదలలో కృష్ణజింకలు, చుక్కల దుప్పులు, అడవి పందులు, ఏదుపందులు, నెమళ్లు నివసించుచున్నవి. ఇంత పట్టణము ప్రక్కన ఇన్ని ప్రాణులు ఉండగా, హయత్‌నగర్ ఆవల మేము దర్శించు పల్లెల గుట్టలలో ఏమియు లేదనుకొనుట మన అజ్ఞానమే.

ఆ పల్లెలలో ఒకదానియందు సంఘమునకు చెందిన ఒక విధవరాలి కోళ్లు ఒక నెలలో తొమ్మిది పోయెను. కొందరు చిరుతపులి అనిరి. మరికొందరు గొంతు తగ్గించి, ఆమె ఇంటి వెనుక గుడిసెలోనుండు కూలివారి పిల్లవాని పేరు చెప్పిరి. వానికి పందొమ్మిది ఏండ్లు. పెద్దలు మమ్మును అడిగినప్పుడు మేము అవునని అనలేదు గాని, కాదనియు అనలేదు. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదనే సంగతి స్థిరపడవలెనను ధర్మశాస్త్రపు విధిని ఎన్నిమారులు బోధించియున్నామో! ఆ దినమున అది మాకు జ్ఞాపకము రాలేదు. పిల్లవాడు వారము దినములలో పని వెదకుకొనుచు పట్టణమునకు వెళ్లిపోయెను. కోళ్లు పోవుట మాత్రము ఆగలేదు. అంతట కొందరు కంచెకు కరెంటు తీగ చుట్టవలెనని ఆలోచించిరి. అట్టి తీగ పందిని చంపినట్లే తెల్లవారుజామున చెంబు పట్టుకొని పోవు మనుష్యుని కూడ చంపును. అది చట్టవిరుద్ధమని చెప్పి ఎట్లో ఆపితిమి.

అప్పుడు కొత్తపేట సంఘములోని ఒక యువకుడు తన ట్రాప్ కెమెరాను ఎరువిచ్చెను. అది టిఫిను డబ్బా అంత పెట్టె. పెన్సిలు సెల్లులతో నడచును. దాని నల్లని కన్ను వెలుగును కాదు, వేడిని కనిపెట్టును. చుట్టునున్న నేలకంటె వేడి ఎక్కువగా గల శరీరము ఎదుట కదలినయెడల అది మేల్కొని చిత్రము తీయును. రాత్రివేళ అది వేయు వెలుగు మన కంటికి దాదాపు కనబడదు. అందుచేత చిత్రములు నలుపు తెలుపులలో వచ్చును.

మొదటి వారమున నాలుగువందల చిత్రములు వచ్చినవి. అన్నియు ఒకే గడ్డిపోచ! ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగుటచేత కెమెరా మోసపోయినది. కెమెరాను తూర్పునకో పడమరకో త్రిప్పియుంచితే ఎండ సూటిగా పడి చిత్రము చెడును. మోకాలి ఎత్తున ఉత్తరముఖముగా కట్టి, ఎదుటి గడ్డి కోసివేయవలెను. మన వేసవిలో నేల వేడి శరీరపు వేడితో సమానమగునప్పుడు జంతువు ఎదుటనుండి పోయినను అది గుర్తింపకపోవచ్చును. కాబట్టి చిత్రము లేనంతమాత్రమున జంతువు రాలేదని చెప్పరాదు. గడియారమును తేదీని సరిగా పెట్టుట మరువకుడి. ఆడవారు నడచు బాటవైపు, స్నానపు దడివైపు ఎన్నడును త్రిప్పకుడి. దీనిని మేము గట్టిగా చెప్పుచున్నాము. రక్షిత వనములో అటవీశాఖవారి అనుమతి లేక కట్టరాదు.

ఈ పని క్రొత్తది కాదు. జంతువు కాలికి దారము తగిలి మెరుపు వెలుగునట్లు చేసి అమెరికాలో జార్జి షైరస్ అనువాడు 1890ల నాటికే జింకలను చిత్రించెను. 1920లలో ఉత్తర హిందూదేశపు అడవులలో ఛాంపియన్ అను అటవీ అధికారి పులులను అట్లే పట్టుకొనెను, తుపాకితో కాదు. 1900 తరువాత నశించినదని యెంచబడిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల కనబడెను. అది రాత్రి తిరుగు పక్షి గనుక, తరువాతి పరిశోధకులు దాని జాడకై మెత్తని మట్టి పట్టీలు పరచి, అడుగులు చూచి, కెమెరాలును అమర్చిరి. 2018–19 పులుల లెక్కలో దేశమంతట 26,838 చోట్ల కెమెరాలు కట్టిరి. ఒక పులి చారలు మరియొకదానికి ఉండవు గనుక ఒకే పులిని రెండుమారులు లెక్కించు భయము లేదు. మన దగ్గరనే, 2024 ఏప్రిల్ ఆఖరున శంషాబాదు విమానాశ్రయములో చిరుత దూరినప్పుడు కెమెరాలతో దాని త్రోవ కనిపెట్టి, బోనులు పెట్టి, కొద్ది దినములలోనే పట్టి నల్లమలకు పంపిరి.

మా కెమెరాలో మూడవ రాత్రి, రెండు గంటల పది నిమిషములకు, పొడుగు కాళ్లు, పొట్టి తోక, చెవుల కొనను చిన్న కుచ్చులు గల బావురుపిల్లి కనబడెను. కోళ్లగూటి తలుపు క్రింద సందు ఉన్నది. అందులోనుండి దూరి, కోడిని నోటకరచుకొని వచ్చెను. సందునకు రాయి అడ్డముపెట్టితిమి. కోళ్లు పోవుట ఆగెను. తరువాతి రాత్రులలో ఏదుపంది, కుందేలు, ఊరకుక్కలు వచ్చినవి. బావురుపిల్లియు మరల వచ్చి, రాతిని వాసన చూచి, ఆవలి గట్టున ఒక పందికొక్కును పట్టుకొని పోయెను. ధాన్యపు గాదెలు గలవారు ఆ చిత్రమును చూచి, దానిని చంపు మాట మానుకొనిరి.

చిత్రములను పెద్దల యెదుట చూపి, ఆ పిల్లవాని ఇంటికి పోయి, తల్లిదండ్రులను క్షమాపణ అడిగితిమి. పిల్లవాడు తిరిగివచ్చెను. ఇప్పుడు కెమెరా సెల్లులు మార్చువాడు, చిత్రములు మాకు తెచ్చువాడు అతడే. తల్లి మాత్రము ఇంకను మాతో మాటలాడుట లేదు.