డేటాబేస్ సర్వర్‌కి నమ్మకమైన మానిటరింగ్ ఎలా? జాబిక్స్, పోస్ట్‌గ్రెస్‌తో స్టెప్ బై స్టెప్

ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీ, కెమెరా, ర్యామ్ అన్నీ చూస్తాం. ఆ ఫోన్‌లో మనం వాడే దాదాపు ప్రతి యాప్ వెనకాల ఎక్కడో ఒక డేటాబేస్ సర్వర్ ఉంటుంది. అది ఆగితే ఎంత ఖరీదైన ఫోన్ అయినా స్క్రీన్ మీద గుండ్రంగా తిరిగే లోడింగ్ గుర్తే చూపిస్తుంది. ఆ సర్వర్ ఆరోగ్యాన్ని గమనించే సాఫ్ట్‌వేర్ గురించే ఈ ఆర్టికల్. బీటెక్ అయిపోయి సపోర్ట్ లేదా బ్యాకెండ్ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు, సొంతంగా చిన్న యాప్ నడుపుతున్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

ఉదాహరణగా జాబిక్స్ తీసుకుంటున్నాను. ఇది ఓపెన్ సోర్స్, ఉచితం, చాలా ఆఫీసుల్లో ఇప్పటికే ఉంటుంది. డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ తీసుకుందాం. మీ దగ్గర వేరే టూల్ ఉన్నా ఇక్కడి లాజిక్ పెద్దగా మారదు.

అలర్ట్ ఉన్నా ఎందుకు ఫెయిల్ అవుతుంది?

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో జరిగింది చూడండి. రెప్లికా సర్వర్‌ని సరిచేసే పనిలో ఒక ఇంజనీర్ పొరపాటున ప్రైమరీ సర్వర్‌లోని డేటా డైరెక్టరీని డిలీట్ చేశారు. సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. సరే, బ్యాకప్ ఉంది కదా అని చూస్తే ఫోల్డర్ ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షన్, బ్యాకప్ తీసే టూల్ మాత్రం 9.2 వెర్షన్. అందుకే బ్యాకప్ ప్రతిసారీ ఫెయిల్ అవుతూ వచ్చింది. ఫెయిల్ అయిందని ఈమెయిల్స్ కూడా వెళ్లాయి. కానీ ఆ మెయిల్స్‌కి సరైన సంతకం లేక మెయిల్ సర్వర్ వాటిని తిరస్కరించింది. ఎవరికీ చేరలేదు. చివరికి 6 గంటల ముందు టెస్టింగ్ కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ వాళ్లను కాపాడింది. మధ్యలోని 6 గంటల డేటా పోయింది. ఈ వివరాలన్నీ ఆ కంపెనీయే దాచకుండా బయటపెట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, చెకింగ్ ఉంది, అలర్ట్ కూడా పుట్టింది, మనిషి దాకా మాత్రం రాలేదు. అందుకే మానిటరింగ్‌ని మూడు ముక్కలుగా చూడాలి: సరైనదాన్ని కొలవడం, సరైన సమయంలో అలర్ట్ పుట్టడం, అది ఒక మనిషిని నిద్రలేపడం. మూడింటిలో ఏది తెగినా మిగతా రెండూ దండగే.

స్టెప్ 1: కనెక్షన్ సరిగ్గా పెట్టుకోండి

డేటాబేస్ సర్వర్‌లో జాబిక్స్ ఏజెంట్ 2 ఇన్‌స్టాల్ చేయండి. పోస్ట్‌గ్రెస్ కోసం ప్లగిన్, రెడీమేడ్ టెంప్లేట్ రెండూ జాబిక్స్ వాళ్లవే దొరుకుతాయి. మానిటరింగ్‌కి సూపర్‌యూజర్ అకౌంట్ అస్సలు ఇవ్వకండి. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఇదే పని కోసం పీజీ_మానిటర్ అనే రోల్ ఉంది. విడిగా ఒక యూజర్‌ని సృష్టించి, ఆ రోల్ ఇస్తే సరిపోతుంది.

జాబిక్స్ సర్వర్‌ని డేటాబేస్ ఉన్న మెషీన్ మీదే పెట్టకండి. ఇంటికి కాపలా ఉన్నవాడిని ఇంటి లోపలే పెట్టి తాళం వేసినట్టు ఉంటుంది. మెషీన్ పడిపోతే రెండూ కలిసే పడిపోతాయి, మీకు చెప్పేవాళ్లే ఉండరు.

స్టెప్ 2: ఈ ఆరు విషయాలు తప్పకుండా కొలవండి

టెంప్లేట్ పెట్టగానే పదుల కొద్దీ గ్రాఫ్‌లు వస్తాయి. చూడ్డానికి బాగుంటాయి. కానీ అర్ధరాత్రి మనిషిని లేపే అర్హత కొన్నింటికే ఉంటుంది.

1. కనెక్షన్లు: పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్ లిమిట్ 100. అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన ఉంటాయి. అంటే మీ యాప్‌కి మిగిలేది 97. 80 శాతం దాటగానే హెచ్చరిక రావాలి. నిండిపోయాక తెలిసి లాభం లేదు.

2. తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్లు: యాప్ ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, కమిట్ చేయకుండా ఊరికే కూర్చుంటుంది. సీపీయూ ప్రశాంతంగానే కనిపిస్తుంది. లోపల మాత్రం లాక్‌లు పట్టుకుని ఉంటుంది, పాత చెత్తను వాక్యూమ్ శుభ్రం చేయకుండా అడ్డుపడుతుంది. ఇలాంటి ట్రాన్సాక్షన్లలో అన్నింటికన్నా పాతది ఎన్ని నిమిషాలుగా ఉందో కొలవండి.

3. డిస్క్: "90 శాతం నిండింది" అన్న మాట సగం సమాచారమే. 2 టీబీ డిస్క్‌లో 10 శాతం అంటే 200 జీబీ, నెల రోజులు రావచ్చు. 50 జీబీ డిస్క్‌లో 10 శాతం 5 జీబీ, గంటలో అయిపోవచ్చు. జాబిక్స్‌లో టైమ్‌లెఫ్ట్ అనే ఫంక్షన్ ఉంది. ఇప్పటి వేగంతో నిండితే ఇంకెంత సమయం పడుతుందో అది అంచనా వేస్తుంది. "6 గంటల్లో నిండుతుంది" అనే అలర్ట్ చాలా ఉపయోగం.

4. రెప్లికేషన్ ఆలస్యం: ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. రెప్లికాలో చివరి ట్రాన్సాక్షన్ ఎప్పుడు అప్లై అయిందో చూసి, ఇప్పటి టైమ్‌లోంచి తీసేస్తారు. రాత్రి ప్రైమరీలో రాతలే లేకపోతే ఆ తేడా ఊరికే పెరిగి తప్పుడు అలర్ట్ వస్తుంది. దాన్ని ఆపడానికి "వచ్చినదంతా అప్లై అయిపోతే సున్నా చూపించు" అని రాస్తారు. అప్పుడు ఇంకో ప్రమాదం: రెప్లికా పూర్తిగా తెగిపోయినా, వచ్చినంత వరకు అప్లై అయింది కాబట్టి సున్నానే చూపిస్తుంది! అందుకే ప్రైమరీ వైపు నుంచి కొలవండి. ఎన్ని రెప్లికాలు కనెక్ట్ అయి ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. రెండు ఉండాల్సిన చోట ఒకటే ఉంటే అదే అలర్ట్.

5. రెప్లికేషన్ స్లాట్లు: రెప్లికా ఆగిపోయి దాని స్లాట్ మాత్రం మిగిలితే, అది వచ్చి తీసుకుంటుందని ప్రైమరీ లాగ్ ఫైళ్లను దాస్తూనే ఉంటుంది. డిస్క్ నిండేదాకా. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి దీనికి లిమిట్ పెట్టుకోవచ్చు, కానీ డిఫాల్ట్‌గా లిమిట్ ఉండదు.

6. ట్రాన్సాక్షన్ ఐడీ వయసు: ఇది 32 బిట్ నంబర్. వాక్యూమ్ సరిగా జరగకపోతే సుమారు 200 కోట్ల దగ్గర డేటాబేస్ కొత్త రాతలను ఆపేస్తుంది. 2019 ఫిబ్రవరిలో ఈమెయిల్ సర్వీస్ మాండ్రిల్ ఇలాగే రోజుకు పైగా ఇబ్బందిపడింది. డిఫాల్ట్‌గా 20 కోట్ల దగ్గర ఆటోవాక్యూమ్ తప్పనిసరిగా మొదలవుతుంది. 50 కోట్లు దాటిందంటే వాక్యూమ్ వెనకబడిందని అర్థం, ఆ నంబర్‌కే అలర్ట్ పెట్టుకోండి. చేతిలో ఇంకా బోలెడు సమయం ఉంటుంది.

స్టెప్ 3: అనవసరమైన గోలని తగ్గించండి

నేను దగ్గర నుంచి చూసిన ఒక సంఘటన. ఒక క్లయింట్‌కి పదుల సంఖ్యలో మెడికల్ షాపులు. ఖర్చు తగ్గించాలని ఎవరో రెప్లికా మెషీన్‌ని ఆఫ్ చేయించారు. స్లాట్ మిగిలిపోయింది. మూడు రోజులకు ప్రైమరీ డిస్క్ నిండింది. సాయంత్రం రద్దీ టైమ్‌లో బిల్లింగ్ ఆగింది. చీటీలు పట్టుకుని జనం కౌంటర్ల ముందు నిలబడ్డారు, షాపులవాళ్లు తెల్ల కాగితాల మీద బిల్లులు రాశారు. గంటన్నర పట్టింది మళ్లీ లేపడానికి. డిస్క్ అలర్ట్ మెయిల్స్ మాత్రం మూడు రోజులుగా వస్తూనే ఉన్నాయి. రోజుకి వందల మెయిల్స్ వస్తున్నాయని వాటిని విడి ఫోల్డర్‌లోకి తోసే రూల్ ఆ టీమ్‌లో అందరూ పెట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. రోజూ "పులి వచ్చె" అంటే ఎవరు మాత్రం పరిగెత్తుతారు?

గోల తగ్గించడానికి జాబిక్స్‌లోనే మంచి ఏర్పాట్లు ఉన్నాయి.

మొదటిది, ఒక్క రీడింగ్‌కే అలర్ట్ ఇవ్వకండి, 5 నిమిషాల సగటు చూడండి. రెండోది, రికవరీకి వేరే నంబర్ పెట్టండి. 85 దాటితే ప్రాబ్లం, 75 కిందకి వస్తేనే పరిష్కారం అయినట్టు. లేకపోతే 84, 86 మధ్య ఊగుతూ నిమిషానికో మెసేజ్ వస్తుంది. మూడోది, ట్రిగ్గర్ డిపెండెన్సీ. సర్వరే పడిపోయినప్పుడు "సర్వర్ డౌన్" అని ఒక్కటి చాలు, దాని వెనకాల ఇంకో ఇరవై అక్కర్లేదు. నాలుగోది, ప్లాన్ చేసిన పనులకు మెయింటెనెన్స్ టైమ్ పెట్టండి.

నా రూల్ సింపుల్: అలర్ట్ చూసినవాళ్లు వెంటనే చేయాల్సిన పని ఒకటి ఉండాలి. ఆ పని ఏంటో అలర్ట్ మెసేజ్‌లోనే రెండు లైన్లలో రాసి ఉండాలి. చేయడానికి ఏమీ లేదంటే అది గ్రాఫ్‌లోనే ఉండనివ్వండి.

స్టెప్ 4: నిశ్శబ్దాన్ని కూడా అలర్ట్‌గా మార్చండి

ఇది అన్నింటికన్నా ముఖ్యం. ఎవరో మానిటరింగ్ యూజర్ పాస్‌వర్డ్ మార్చారనుకోండి. జాబిక్స్‌లో ఆ ఐటెమ్‌లు "నాట్ సపోర్టెడ్" స్థితిలోకి వెళ్లొచ్చు. అప్పుడు వాటి ట్రిగ్గర్ "అన్‌నోన్" అవుతుంది. మామూలు అలర్ట్ రాదు. డాష్‌బోర్డ్‌లో ఎర్ర గుర్తు కనిపించదు కాబట్టి అంతా బాగుందనే అనుకుంటాం.

దీనికి రెండు మందులు. ఒకటి, ముఖ్యమైన ఐటెమ్‌లకు నోడేటా ఫంక్షన్‌తో ట్రిగ్గర్ పెట్టండి: 5 నిమిషాలుగా డేటా రాకపోతే అదే ప్రాబ్లం. రెండు, నాట్ సపోర్టెడ్ ఐటెమ్‌లను రిపోర్ట్ చేసే ఇంటర్నల్ యాక్షన్ జాబిక్స్‌లో ముందే ఉంటుంది, కానీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి.

బ్యాకప్‌కీ ఇదే పద్ధతి. "ఫెయిల్ అయితే చెప్పు" అని కాకుండా, సక్సెస్ అయినప్పుడు ఫైల్ సైజ్‌ని జాబిక్స్ సెండర్‌తో పంపించండి. 26 గంటల్లో కొత్త విలువ రాకపోతే అలర్ట్. సైజ్ నిన్నటికన్నా సగానికి పడిపోయినా అలర్ట్. గిట్‌ల్యాబ్ దగ్గర ఇలాంటి చెక్ ఉండి, అది వేరే దారిలో మనిషికి చేరి ఉంటే, బ్యాకప్ రావట్లేదని ముందే తెలిసేది.

మరి జాబిక్స్ సర్వరే పడిపోతే? బయట ఎక్కడైనా ఒక హార్ట్‌బీట్ సర్వీస్ పెట్టుకుని, జాబిక్స్ నుంచి నిమిషానికోసారి దానికి పింగ్ పంపండి. పింగ్ ఆగితే ఆ సర్వీసే మీకు ఫోన్ చేస్తుంది.

స్టెప్ 5: మీ ఫోన్ దాకా దారి క్లియర్ చేయండి

మన సైట్ రీడర్స్‌కి ఈ భాగం బాగా తెలిసిన విషయమే. ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ మోడ్ ఉంది. ఫోన్ కదలకుండా పడుంటే యాప్‌ల నెట్‌వర్క్ పనిని ఆలస్యం చేస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లు ఇంకో అడుగు ముందుకేసి, బ్యాటరీ ఆదా పేరుతో బ్యాక్‌గ్రౌండ్ యాప్‌ని చంపేస్తాయి. కాబట్టి అలర్ట్ వచ్చే యాప్‌కి బ్యాటరీ సెట్టింగ్‌లో "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి. దాని నోటిఫికేషన్ ఛానెల్‌కి డు నాట్ డిస్టర్బ్‌ని దాటే అనుమతి ఇవ్వండి. ఐఫోన్‌లో అయితే యాప్‌కి క్రిటికల్ అలర్ట్స్ సపోర్ట్ ఉందో లేదో చూసుకోండి.

ఎస్సెమ్మెస్ మీద ఆధారపడితే ఇంకో మెలిక ఉంది. మన దేశంలో బల్క్ ఎస్సెమ్మెస్ టెంప్లేట్‌లు డీఎల్‌టీలో రిజిస్టర్ అయి ఉండాలి. మీరు అలర్ట్ మెసేజ్‌లో వాక్యం మార్చి, టెంప్లేట్ మార్చకపోతే ఆ మెసేజ్ ఆపరేటర్ దగ్గరే ఆగిపోవచ్చు.

ఒక్క దారి మీదే నమ్మకం పెట్టుకోవద్దు. మొదట యాప్ లేదా టెలిగ్రామ్, 10 నిమిషాల్లో ఎవరూ అక్నాలెడ్జ్ చేయకపోతే కాల్, ఆ తర్వాత రెండో వ్యక్తికి కాల్. దీన్ని జాబిక్స్ యాక్షన్స్‌లో ఎస్కలేషన్‌గా పెట్టుకోవచ్చు.

స్టెప్ 6: నెలకోసారి కావాలని చెడగొట్టండి

టెస్ట్ సర్వర్‌లో ఈ నాలుగు చేసి చూడండి:

- పోస్ట్‌గ్రెస్‌ని ఆపండి.
- ఏజెంట్‌ని ఆపండి.
- మానిటరింగ్ యూజర్ పాస్‌వర్డ్ మార్చండి.
- పెద్ద డమ్మీ ఫైల్‌తో డిస్క్ నింపండి.

ప్రతిసారీ ఫోన్ మోగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. మోగకపోతే దారిలో ఎక్కడ తెగిందో వెతకండి. దీంతోపాటు నెలకోసారి బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, డేటా నిజంగా ఉందో లేదో చూడండి.

ఇదంతా ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఈ వారం స్టెప్ 4తో మొదలుపెట్టండి: నోడేటా ట్రిగ్గర్లు, ఇంటర్నల్ యాక్షన్, బ్యాకప్ సైజ్. మూడూ కలిపి ఒక మధ్యాహ్నం పని. ఆ తర్వాత పాత అలర్ట్‌లలో ఎవరూ పట్టించుకోనివి తీసేయండి. అలా చేశాక రాత్రి ఫోన్ మోగిందంటే, లేచి చూడాల్సిన విషయమే అయి ఉంటుంది. మోగకపోతే హాయిగా పడుకోవచ్చు.