రిమాండు రోజులు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. పదిహేనేళ్లుగా బెంగళూరు కాటన్‌పేటలో ఉంటున్నాం. మా తమ్ముడు బట్టల గోదాములో బేళ్లు మోసేవాడు. కొట్లాట కేసులో 2023 జనవరి 9న పట్టుకెళ్లి, మర్నాడు కోర్టులో పెట్టి రిమాండుకు పంపారు. మే 22న బెయిలొచ్చింది గానీ జామీను నిలబడే మనిషి దొరక్క జూన్ 3కి గానీ బయటికి రాలేదు. తర్వాత రెండేళ్ల శిక్ష పడింది. సెషన్స్ కోర్టులో అప్పీలు వేస్తే కొట్టేశారు. ఇప్పుడు పరప్పన అగ్రహార జైల్లో ఉన్నాడు. జైలుకు పంపిన శిక్ష వారంటులో రిమాండు 133 రోజులని రాశారట. నా లెక్కకు ఇంకా ఎక్కువే ఉండాలి. దీనికోసం హైకోర్టుకు పోవాలా?
— ఒక అక్క, కాటన్‌పేట

జవాబు: మీ అనుమానం నిజమేనమ్మా. కాగితం తీసుకుని మీరే కూడండి. జనవరిలో 23, ఫిబ్రవరిలో 28, మార్చిలో 31, ఏప్రిల్‌లో 30, మేలో 31, జూన్‌లో 3. మొత్తం 146. వారంటు రాసినవారు జనవరి 10 నుంచి మే 22 దాకా లెక్కించినట్టుంది, అందుకే 133 వచ్చింది. స్టేషన్లో ఉంచిన మొదటి రోజును వదిలేశారు. బెయిలు ఆర్డరు వచ్చిన తేదీనే విడుదల తేదీ అనుకున్నారు. ఈ రెండో పొరపాటు పేదవాళ్ల కేసుల్లోనే జరుగుతుంది, ఎందుకంటే ఆర్డరొచ్చాక కూడా జామీను దొరక్క లోపల ఉండిపోయేది వాళ్లే. 13 రోజులంటే కొందరికి చిన్న లెక్క కావచ్చు. కూలి చేసుకు బతికే ఇంట్లో అది సగం నెల తిండి.

శిక్ష పడకముందు అదే కేసులో నిర్బంధంలో ఉన్న రోజులను శిక్షలోంచి మినహాయించి తీరాలని చట్టమే చెబుతోంది. పాత దండ ప్రక్రియ స్మృతిలో ఇది 428వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 468. జడ్జిగారు దయతలచి ఇచ్చేది కాదిది, మీ తమ్ముడి హక్కు.

ఇక హైకోర్టు సంగతి. ముందు అక్కడికి పరుగెత్తకండి. రివిజన్ వేస్తే అది విచారణకు వచ్చేలోపే అతని శిక్ష పూర్తయిపోవచ్చు. వారంటు ఇచ్చిన మేజిస్ట్రేటు కోర్టులోనే సవరణ కోరుతూ అర్జీ పెట్టండి. సంతకం చేసిన తీర్పును కోర్టు తిరగరాయకూడదు గానీ, రాతలోనో కూడికలోనో దొర్లిన తప్పును దిద్దవచ్చని ఆ సంహితలోని 403వ సెక్షన్ అంటోంది. మీది అలాంటి తప్పే. అర్జీకి మూడు కాగితాలు జతచేయండి: మొదటి రిమాండు ఆర్డరు నకలు, బెయిలు ఆర్డరు నకలు, జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్. అతను జూన్ 3న గేటు దాటాడని తేల్చేది ఈ మూడోదే. దాన్ని తప్పకుండా తెచ్చుకోండి. అర్జీ ఒప్పుకున్నాక సవరించిన వారంటు జైలుకు చేరిందో లేదో స్వయంగా కనుక్కోండి.

కింది కోర్టు కాదంటే అప్పుడు హైకోర్టు. శిక్ష గడువు దాటాక కూడా లోపలే ఉంచితే హెబియస్ కార్పస్ వేయాలి. ఒక సంగతి చెబుతాను. ఛత్తీస్‌గఢ్‌లో ఒక ఖైదీకి 12 ఏళ్ల శిక్షను హైకోర్టు అప్పీలులో ఏడేళ్లకు తగ్గించింది. అయినా అతను పదేళ్లకు పైగా జైల్లోనే ఉండిపోయాడు. 2022లో సుప్రీంకోర్టు అతనికి ఏడున్నర లక్షల పరిహారం ఇప్పించింది. అప్పీలులో గెలిచినా కాగితం వెంట మనిషి తిరగాల్సిందేనని నేను పట్టుబట్టేది అందుకే.

ప్రశ్న: అప్పీలు నడుస్తుండగా మా ఆయన కొన్నాళ్లు లోపల, కొన్నాళ్లు బెయిలు మీద ఉన్నారు. జరిమానా కట్టకపోతే పడే జైలుకూ పాత రోజులు సరిపెట్టుకోవచ్చా?

జవాబు: తీర్పుకు ముందు రోజులు మినహాయింపు కిందికి వస్తాయి. తీర్పు తర్వాత లోపల గడిపినవి శిక్షే. బెయిలు మీద బయట ఉన్నవి దేనికిందా రావు. అప్పీలు పత్రంలో ఈ మూడూ విడివిడిగా రాయించండి. కలిపి రాస్తేనే తికమక మొదలవుతుంది.

జరిమానా బదులు పడే జైలుకు మాత్రం సరిపెట్టడానికి లేదు. ఇదే పరప్పన అగ్రహారలో జరిగింది చూడండి. జయలలిత ఆస్తుల కేసులో శశికళ 2017 ఫిబ్రవరి 15న లొంగిపోయారు. పాత కస్టడీ రోజులు కలిసొచ్చి, నాలుగేళ్ల శిక్ష నిండకముందే 2021 జనవరి 27న విడుదలయ్యారు. ఆమె జరిమానా పది కోట్లు కట్టేశారు. అదే కేసులో శిక్ష పడ్డ సుధాకరన్‌కూ పాత రోజులు ఉన్నాయి, కానీ జరిమానా కట్టలేదు. 2021 అక్టోబరు దాకా లోపలే ఉన్నారు.

ప్రశ్న: రెండు కేసుల్లో ఒకేసారి రిమాండులో ఉంటే?

జవాబు: రెండింటిలోనూ కలుస్తాయి. 2001లో నజాకత్ అలియా ముబారక్ అలీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే రెండో కేసులో కూడా కోర్టు రిమాండు చేసి ఉండాలి. జైలు నుంచి కోర్టుకు తెప్పించే బాడీ వారంటు మీద ఏ రోజు హాజరుపరిచారో ఆ తేదీ నకలు తెచ్చుకోండి.

వకీలు ఫీజు కట్టలేనివారు ఆగిపోవద్దు. జైల్లో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, లేదా సిద్దయ్య రోడ్డులోని న్యాయసేవల కార్యాలయం న్యాయదేగులకు వెళ్లండి. వెళ్లేటప్పుడు తేదీలు రాసుకున్న కాగితం చేతిలో ఉంచుకోండి.